గుజ్జు ఫ్యాక్టరీ కుంటలో మోటారు యాట్

బంగారుపాళ్యం హైవే పక్కన ఫైబర్ నీళ్లతొట్లు చేసే స్టెల్లా, ఇమ్మానుయేల్ దంపతులకు మొదటిసారి ఒక మోటారు యాట్, అంటే షికారు పడవ, చేసే పని దొరికింది. చేయించుకున్న భానుచందర్ దాన్ని చెన్నై దగ్గర, లోతు తక్కువున్న ఒక ఉప్పుకాలువలో నిలుపుకోవాలి. నిండు బరువుతో అది ఎంత మునుగుతుందో కొలిచి చూపిస్తేనే తీసుకుపోతానన్నాడు.

యాట్ తయారైంది. తేలించడానికి నీళ్లేవి? ఐరాల దాకా తిరిగినా చెరువులన్నీ మోకాటిలోతే. మొహమాటపడుతూనే స్టెల్లా మామిడిగుజ్జు ఫ్యాక్టరీ యజమానురాలు పంకజాక్షి దగ్గరికి వెళ్లింది.

"మా వాననీళ్ల కుంట నిండుగా ఉండాది, దించుకోండి" అందామె. "బరువుకేం పెడతారు?"

"ఇసకమూటలమ్మా."

"ఇసకెందుకు? గుజ్జుడబ్బాలుండాయి గదా! మనుషుల బరువుకు మావాళ్లే ఎక్కుతారు."

ఆదివారం పొద్దున క్రేను యాట్‌ను కుంటలోకి దించింది. డీజిలు బరువుకు బదులు గుజ్జుడబ్బాల పెట్టెలు సర్దారు. ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడవాళ్లు తమ మేస్త్రీ తిరుమలమ్మ వెంట నవ్వుకుంటూ ఎక్కారు. స్టెల్లా లారీ ట్యూబు మీద తేలుతూ, పడవ అంచు నుంచి నీటిమట్టం దాకా టేపు పట్టింది. ఎడమపక్క బాగానే ఉంది. కుడిపక్క నాలుగు వేళ్లు ఎక్కువ మునిగింది.

ఆమె టేపును ఇంకోసారి సరిచూసుకుంది. అచ్చులోనే వంకర వచ్చిందా? గట్టు మీద భానుచందర్ పక్కన నిలబడ్డ ఇమ్మానుయేల్ ముఖం పాలిపోయింది. స్టెల్లా తలెత్తి చూసింది. ఆడవాళ్లంతా క్యాబిన్ నీడ పడ్డ కుడివైపే కూర్చుని ఉన్నారు.

"అక్కా, అందరూ నీడలోనే చేరినారే! సగం మంది ఇవతలికి రాండి!"

"ఎండ మండతా ఉంటే యాడ కూసునేది పాపా?" అంటూనే తిరుమలమ్మ కొందరిని లేపింది. యాట్ మెల్లగా నిటారైంది.

స్టెల్లా మళ్లీ కొలిచింది. అంచు నుంచి ప్రొపెల్లర్ అడుగు దాకా ఎత్తు ముందే షెడ్డులో కొలిచిపెట్టుకున్నారు. అందులోంచి నీటి పైనున్న భాగం తీసేస్తే, మునిగింది రెండున్నర అడుగులు.

"ఉప్పునీళ్లలో ఇంకొంచెం పైకే తేలుతుంది సార్" అన్నాడు ఇమ్మానుయేల్.

"మా కాలువకు చాలు" అన్నాడు భానుచందర్ సంతోషంగా.

నీటిమట్టం దగ్గర రంగు గీత వేయడానికి పడవ చుట్టూ గుర్తులు పెట్టి, తడిబట్టలతోనే స్టెల్లా గట్టెక్కింది. వెళ్లి పంకజాక్షి చేతులు పట్టుకుంది. కళ్లు నిండాయి.

"అడిగేదానికి అంత మొహమాటపడినావే, అదే నాకు బాధ" అంది పంకజాక్షి, ఆమె తల తుడుస్తూ.

పడవలోంచి ఆడవాళ్లు దిగడం లేదు. "ఒక్క సుట్టు తిప్పప్పా!" అని తిరుమలమ్మ కేకేసింది. ఇమ్మానుయేల్ పడవకు కట్టిన తాడు భుజానికేసుకుని కుంటగట్టు వెంట నడవసాగాడు. స్టెల్లా కూడా వెళ్లి తాడు పట్టుకుంది.