మలుపు దగ్గర ఆగని బస్సు

యువజనుల రిట్రీట్ ఈసారి హోటళ్ళలో వద్దు, కొండమీద మన సంఘం ఉన్న ఊళ్ళోనే పెట్టుకుందాం అన్నది మెర్లిన్. విశాఖపట్నంలో ఆ చర్చి యూత్ కమిటీకి ఆమె కార్యదర్శి. వయసు ఇరవై ఆరు, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కాగితం మీద గళ్ళు గీసి, ఏ గంటకి ప్రార్థన, ఏ గంటకి పాటలు, ఎవరు ఏ గదిలో అని రాయడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

రెండువేల ఒకటి ఆగస్టులో కమిటీ మెంబరు రోనాల్డ్‌ని వెంటబెట్టుకుని పనసగుడ వెళ్ళి చూసొచ్చింది. అరకు వెళ్ళే ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర దిగి, కాఫీ తోటల్లోంచి అరగంట నడిస్తే వస్తుంది ఆ ఊరు. ముప్పై గడపలు, రేకుల కప్పు చర్చి. సంఘపెద్ద పైడయ్య, ఆయన భార్య వరమ్మ వీళ్ళకి చాప పరిచి, వేడివేడి సామలన్నం పెట్టారు.

"అరవైమందా? రండమ్మా. మా ఇళ్ళు మీకిచ్చేసి మేం అరుగుల మీద తొంగుంటాం," అన్నాడు పైడయ్య.

మెర్లిన్ మొహమాటపడుతూ, "ఆడపిల్లలుంటారు... మరుగుదొడ్డి లాంటిదేమైనా..." అంది.

వరమ్మ నవ్వేసింది. "కొండంతా ఉంది కదేటి తల్లీ!"

మెర్లిన్ కూడా నవ్వింది. దసరా సెలవుల్లో మొదటి శుక్రవారం వస్తామని మాటిచ్చి, తేదీ కాగితం మీద రాసిచ్చి మరీ వచ్చింది.

కొండ దిగాక ఆ నవ్వు నిలవలేదు. మట్టినేల మీద పడుకోవడం, వాగు నీళ్ళు, జలగలు... రోజుకొకటి గుర్తొచ్చేది. సెప్టెంబరు మీటింగులో, అరకులో ఒక గెస్టుహౌసు ఉందనీ, వేణ్ణీళ్ళు వస్తాయనీ, పెద్ద హాలు కూడా ఉందనీ తనే చెప్పింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"మరి పైడయ్యగారికి?" అన్నాడు రోనాల్డ్.

"నేను ఉత్తరం రాస్తాలే."

ఇన్‌లాండు లెటరు కొంది. 'ప్రభువునందు ప్రియులైన పైడయ్య గారికి వందనములు' వరకు రాసింది. ఆపైన ఏ కారణం రాయబోయినా, మీ ఊరు మాకు పనికిరాదు అన్నట్టే ఉంది. రేపు చూద్దామనుకుంది. మర్నాడు దిద్దాల్సిన పేపర్లొచ్చాయి. ఇంకో వారానికి రోనాల్డ్ "రాశావా?" అనడిగితే "రాసేశాను" అనేసింది. ఒకసారి ఆ మాట అనేశాక, రాయాలన్న తొందర కూడా పోయింది.

శుక్రవారం పొద్దున్న బస్సు పాటలతో ఘాట్ ఎక్కింది. మెర్లిన్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. పది గంటలవేళ మలుపు తిరగ్గానే రోడ్డు పక్కన జనం కనిపించారు. ముందు పైడయ్య, ఉతికిన తెల్ల చొక్కాలో. ఇద్దరు డప్పులు కొడుతున్నారు. ఆడవాళ్ళ చేతుల్లో బంతిపూల దండలు. సామాన్లు మొయ్యడానికి కాబోలు, కావిళ్ళు కూడా తెచ్చుకున్నారు.

పైడయ్య చెయ్యెత్తాడు. డ్రైవరు బస్సు నెమ్మది చేసి, "మన కోసమేనాండీ?" అని అడిగాడు.

"కాదు, పోనివ్వండి," అంది మెర్లిన్.

బస్సులో వాళ్ళు అదేదో పండగనుకుని కేకలేస్తూ చేతులూపారు. మెర్లిన్ జారిపోయిన చెప్పు వెతుక్కుంటున్నట్టు కిందకి వంగింది. మళ్ళీ తలెత్తేసరికి పక్క సీట్లోంచి రోనాల్డ్ తనకేసే చూస్తున్నాడు.

"ఉత్తరం అందలేదేమో," అన్నాడు.

"అందలేదేమో," అంది.

ఆ రోజు కార్యక్రమమంతా గళ్ళలో రాసినట్టే, నిమిషం తప్పకుండా నడిచింది. మెర్లిన్ నోరు పాడుతూనే ఉంది. చెవుల్లో మాత్రం డప్పులు.

మర్నాడు తెల్లారగానే తలనొప్పని చెప్పి తప్పించుకుని, షేర్ జీపెక్కి మలుపు దగ్గర దిగింది. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. చర్చి వెనకనుంచి వస్తుంటే కొత్తగా తవ్విన గోతులు రెండు కనిపించాయి. చుట్టూ వెదురు తడికలు. ఒకదాని మీద బొగ్గుతో 'ఆడ', రెండోదాని మీద 'మగ' అని రాసి ఉంది. చర్చి లోపల గోడవారన, కుట్టిన అడ్డాకుల విస్తళ్ళు నడుమెత్తు పేర్చి ఉన్నాయి.

పైడయ్య పరుగున ఎదురొచ్చాడు. "వచ్చినావా తల్లీ! బస్సు సెడిపోనాదేటి? ఘాటీలో ఏటైనాదో అని సీకటి పడేదాకా పార్థన సేసినాం."

"అవునండీ, చెడిపోయింది." అనుకోకుండానే వచ్చేసింది ఆ మాట.

గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ వరమ్మ నెమ్మదిగా అంది: "కిటికీ కాడ కూకున్నావు కదేటి. నాను సూసినాను. సెయ్యూపినాను."

పైడయ్య భార్యకేసి చూశాడు. ఆవిడ ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. చూసింది మనసులో దాచుకుని, వాళ్ళతోపాటే కూర్చుని ప్రార్థన చేసింది.

మెర్లిన్ అప్పుడు చెప్పింది. గెస్టుహౌసు సంగతి, రాయని ఉత్తరం, డ్రైవరుతో తనన్న మాట, అన్నీ. తలెత్తకుండా చెప్పింది.

"దొడ్డి కోసమేనా అమ్మా? అది తవ్వినాం కదా," అన్నాడు పైడయ్య. "ఇంకేటి కావాలో సెప్పుంటే..."

తిడితే బాగుండుననిపించింది ఆమెకి. ఎవరూ తిట్టలేదు. తిని వెళ్ళమని కూడా అనలేదు. "ఎండెక్కకముందే ఎల్లు, మీవోళ్ళు సూత్తుంటారు," అని వరమ్మ లోపలికి పోయింది.

మధ్యాహ్నం గెస్టుహౌసు హాల్లో అరవైమంది ఎదుటా మెర్లిన్ ఇదే చెప్పింది. కొందరు తలలు దించుకున్నారు. "ఇంత చిన్నదానికా?" అని ఎవరో గొణిగారు. ఆదివారం ఆరాధనకి పనసగుడ వెళదామని వెంట వచ్చిన పాస్టరు గారు అంటే రోనాల్డ్ వెళ్ళి కబురు చెప్పొచ్చాడు.

"రావచ్చన్నారు పైడయ్యగారు. కానీ మన కోసం ఏమీ చెయ్యలేమన్నారు."

ఆదివారం పదిహేడుమంది వెళ్ళారు. వెనక వరసలో కూర్చున్నారు. పాటలు ఆ కొండవాళ్ళ కువి భాషలో సాగాయి. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఆరాధన అయ్యాక ఊరివాళ్ళు వరసగా వచ్చి ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి వందనాలు చెప్పారు. వరమ్మ కూడా వచ్చింది. మెర్లిన్ రెండు చేతులూ చాచింది. వరమ్మ ఆ చేతుల్ని పట్టుకుని, "వందనాలమ్మా," అంది. అంటూనే, అప్పటికే పక్కనున్న రోనాల్డ్ మొహంలోకి చూస్తోంది.