చెరో గ్లాసు

ఆ రక్తపరీక్ష తప్పు కావాలని సారా దేవుణ్ణి వేడుకుంది. తప్పయితే మద్రాసులో యువ పరిశోధకులకిచ్చే గ్రాంటు ఆమె చెయ్యి జారిపోతుంది. తప్పు కాకపోతే రేపల్లె బ్రహ్మానందానికి పెట్టిన కిడ్నీయే పోతుంది.

సారా బాపట్ల లూథరన్ చర్చి పంతులుగారి కూతురు, మద్రాసులో కిడ్నీ మార్పిడి వార్డులో కొత్త డాక్టరు. మార్పిడి అయినవాళ్ల రక్తంలో, కొత్త కిడ్నీని ఒళ్లు వద్దనకుండా ఆపే మందు ఎంత నిలిచిందో కొలిస్తే, కిడ్నీ చెడేలోపే పసిగట్టొచ్చని ఆమె పట్టుదల. అందరి లెక్కా కుదిరింది. బ్రహ్మానందం ఒంట్లో మాత్రం ఉండాల్సిన మందులో సగమే ఉంది.

"ఆ ఒక్కణ్ణీ లెక్కలోంచి తీసెయ్యమ్మా, ఎల్లుండి గ్రాంటు ఇంటర్వ్యూలో పీక్కుతింటారు" అన్నాడు పెద్ద డాక్టరు.

ఆమె రైలెక్కి తెనాలిలో దిగి, రేపల్లె బండి పట్టుకుంది. దిగి నేరుగా బ్రహ్మానందం ఇంటికి వెళ్లింది.

"ఏంటండి డాక్టరుగారూ, చెప్పాపెట్టకుండా? చూశారా, ఎట్లా ఒళ్లు చేశానో!" అన్నాడు బ్రహ్మానందం మంచం మీంచి లేస్తూ.

మొహం ఉబ్బి ఉంది. సారా అతని చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు. ఒళ్లు కాదు, నీరు.

"మందు తాగుతున్నారా?"

"మా అమ్మ తాగించకుండా వదుల్తుందాండి?"

అతని తల్లి శేషారత్నం పాలు తెచ్చింది. నూనెలా ఉన్న మందును సిరంజితో కొలిచి అందులో పోసి, కలిపి, సగం ఇంకో గ్లాసులోకి వంచింది.

"అదెవరికండి?"

"మా జయకండి."

జయలక్ష్మి అతని అక్క. కిడ్నీ ఇచ్చింది ఆమే. ఆమె వచ్చి గ్లాసు అందుకోబోతుంటే సారా అడ్డుపడింది. "అమ్మా! ఆ మందు ఆయనొక్కడికే!"

"చోద్యం కాకపోతే! చెరో కిడ్నీతో బతుకుతున్నారు. కోత ఇద్దరికీ పడింది. కొడుక్కి పోసి కూతురి నోరు కట్టెయ్యమంటారా?"

"పైగా మీగడంతా అక్క గ్లాసులోకేనండి" అన్నాడు బ్రహ్మానందం.

అక్కాతమ్ముళ్లు నవ్వారు. తన పరీక్ష సరైనదేనని సారాకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. ఆ సంతోషానికి తనకే సిగ్గేసింది.

"మూత్రం సరిగ్గా వస్తోందాండి?"

అతని నవ్వు ఆగింది. "నిన్నటినించీ... అంతగా లేదండి."

జయలక్ష్మి చెయ్యి తన డొక్క మీది గాటు మీదికి పోయింది. "నేనిచ్చింది పోయిందాండి?"

"బయల్దేరండి" అంది సారా.

మద్రాసులో ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మర్నాడు పై అంతస్తులో ఇంటర్వ్యూ.

"ఆ సగం లెక్క సంగతేంటి?" అనడిగాడు పెద్దల్లో ఒకాయన.

"పరీక్ష సరైనదేనండి. మందు అక్కాతమ్ముళ్లు పంచుకున్నారు."

ఎవరో నవ్వారు. "భలే. అయితే మీ గ్రాంటుకింక భయం లేదు."

"ఆయన కింద వార్డులో ఉన్నారండి. పొద్దున్నించీ మూత్రం చుక్క రాలేదు. చూసొస్తాను."

జవాబు కోసం ఆగకుండా దిగిపోయింది.

మంచం పక్కన జయలక్ష్మి నేల మీద కూర్చుని, గొట్టం చివరి మూత్రం సంచీకేసే చూస్తోంది. సారా వంగింది. అడుగున కాస్త చేరింది. ఎర్రగా ఉంది.

"పనిచేస్తోందాండి?"

"ఇంకా ఆగిపోలేదమ్మా" అంది సారా, సంచీ మీంచి చూపు తిప్పకుండా.