సొంత వాక్యం

మా బడిలో ఎనిమిదో తరగతి గది. నల్లబల్ల ఉండాల్సిన చోట గోడ ఈ చివర నుంచి ఆ చివరిదాకా అద్దమే ఉంది, అద్దం మీద సుద్ద ఎలా పడుతుందని విసుక్కుంటూనే నేను 'జాతీయాలు' అని పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, అది పడుతోంది కూడా, ఆ అక్షరాల సందుల్లోంచి వెనక బెంచీలన్నీ ఖాళీగా కనిపిస్తున్నాయి. తిరిగి చూసేసరికి మొదటి బెంచీలో ఒక పిల్ల కూర్చుని ఉంది. వెండి రంగు వేసిన జుట్టు, మెరుపుల గౌను, ఒళ్లో తెల్ల చామంతులు. మా అమ్మాయి చైత్ర గది గోడ మీద రెండేళ్లుగా నవ్వుతున్న కొరియా పాటల పిల్ల సెబ్యోల్. ఆ పేరుకి వేగుచుక్క అని అర్థమట, చైత్రే చెప్పింది. ఆత్మహత్య చేసుకుందని ఈ ఉదయమే వార్త వచ్చింది. చనిపోయిన పిల్ల నా క్లాసులో ఏం చేస్తోందని నాకు అనిపించడం లేదు, ఈ పిల్లకి హాజరు వేశానా లేదా అన్నదే నా బెంగ.

"టీచర్ గారూ, ఒక జాతీయానికి అర్థం కావాలండి," అంటుంది. అచ్చంగా మా ఏలూరు పిల్లలు అడిగినట్టే అడుగుతోంది.

"అడుగమ్మా," అంటాను హుందాగా. ఇన్నేళ్లుగా తెలుగు చెబుతున్నదాన్ని, జాతీయాల దగ్గర నాకు కాస్త పొగరు కూడా ఉంది.

"తిన్నది అరక్క. అంటే ఏంటండి?"

చేతిలో సుద్దముక్క పెరుగన్నం ముద్దలా మెత్తబడిపోతుంది. ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర, కళ్లు ఎర్రగా చేసుకుని చైత్ర ఆ వార్త చెబుతుంటే, పప్పు వడ్డిస్తూ నేనన్న మాట అది. "డబ్బుంది, పేరుంది, దానికింకేం రోగం? తిన్నది అరక్క చచ్చింది," అన్నాను. మావారు నవ్వారు. చైత్ర తల వంచుకుని కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయింది.

"సుఖం ఎక్కువైనవాళ్ల గురించి అలా అంటారమ్మా," అంటాను, ఆ పిల్ల మొహం చూడకుండా.

"సొంత వాక్యంలో చెప్పండి టీచర్."

"అది మీ పాఠంలో లేదు."

"ఉందండి. ఇవాళే చెప్పారంట కదా."

మాట మార్చుదామని ఆ పూలేమిటని అడుగుతాను. "నా ఫోటో ముందు పెట్టారండి. మొన్నటిదాకా నన్ను తిట్టినవాళ్లే తెచ్చారు. మీరు తల్లో పెట్టుకుంటారట కదా, అదే బాగుంది," అని నవ్వి పూలు బెంచీ మీద పెడుతుంది, అప్పటికే ఆ బెంచీ మా ఇంట్లో భోజనాల బల్ల అయిపోయింది, అద్దం మాత్రం అలాగే ఉంది, ఆమె ముందు కంచంలో పప్పన్నం ఉంది, వడ్డించింది నేనే కాబోలు, గరిటె నా చేతిలోనే ఉంది.

"అరక్కపోవాలంటే ముందు తినాలి కదండీ," అంటుంది నెమ్మదిగా, అందులో కోపమేమీ లేదు, నిజంగానే సందేహం అడుగుతున్నట్టుంది. "చిన్నప్పుడే పాటల కంపెనీలో చేరాను. నాకు అన్నం తూచి పెట్టేవారు. మా వైపు కూడా పలకరింపు అదేనండి, అన్నం తిన్నావా అంటారు. తిన్నానంటే చాలు, ఇంకేం అడగరు." అంటూనే వేళ్లతో అన్నాన్ని కంచం అంచులకు జరుపుతోంది, మధ్యలో శుభ్రంగా తుడుస్తోంది. "ఇలా చేస్తే తిన్నట్టే ఉంటుందండి. మా అమ్మ కూడా కనిపెట్టలేదు."

"డాక్టరుకి చూపించుకోవలసింది తల్లీ," అంటాను. పిల్లల అమ్మానాన్నలకు బడిలో బుద్ధులు చెప్పే గొంతు అది, నాకే వినబుద్ధి కావడం లేదు.

"చూపించుకున్నానండి. మాస్కు పెట్టి, టోపీ పెట్టి, కంపెనీవాళ్లే వెనక గుమ్మంలోంచి తీసుకెళ్లారు. మనసు డాక్టరు దగ్గరికి వెళ్లిందని బయటపడితే పాడే అవకాశాలు రావన్నారు. చుట్టాలకి చెప్పకు అంది అమ్మ. అందరూ ఓర్చుకుంటున్నారు, నీకొక్కదానికే వచ్చిందా అన్నారు. రెండోసారి వెళ్లనివ్వలేదు." తలెత్తి నన్ను చూస్తుంది. "మీ దగ్గర అలా అనరు కదండీ?"

"అబ్బే, మేమెందుకంటాం," అనేస్తాను.

అన్నానో లేదో అద్దంలో చైత్ర కనిపిస్తుంది, దసరా సెలవులప్పటిలాగే వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, "అమ్మా, నాకేం బాగుండట్లేదే, నిద్దర పట్టట్లేదు, కాలేజీలో అక్క ఒక డాక్టర్ పేరు చెప్పింది, వెళ్దామా?" అంటోంది, పక్కనే పోపు వేస్తున్న నేను కూడా కనిపిస్తున్నాను, "పిచ్చి డాక్టరు దగ్గరికా? ఎవరైనా చూస్తే మొహం ఎక్కడ పెట్టుకోను? ఆ ఫోను అవతల పారేసి పొద్దున్నే లేచి నడువు, అదే తగ్గుతుంది," అంటున్నాను, గరిటె తిప్పడం కూడా ఆపలేదు. నేను గబగబా అద్దానికి అడ్డంగా నిలబడి కొంగు పరుస్తాను. నా మాట ఈ పరాయిదేశపు పిల్ల వినకూడదని నా తాపత్రయం.

"టీచర్ గారూ, పక్కకి జరగండి. కనపట్లేదు," అంటుంది, క్లాసులో పిల్లలు అన్నట్టే.

జరగను. కొంగుతో అద్దాన్ని తుడుస్తాను, ఎంత తుడిచినా అందులో పోపు చిటపటమంటూనే ఉంది.

"మిగిలిపోయిందేమైనా ఉందా అమ్మా? అడగాలనుకున్నది?" అంటాను వెనక్కి తిరక్కుండానే.

"రెండోసారి అడగడమేనండి. ఒకసారి కాదన్నాక మళ్లీ అడగాలంటే చాలా ఓపిక కావాలి. నాకు లేకపోయింది."

"నన్ను క్షమించు తల్లీ."

"నన్నెందుకు అడుగుతావమ్మా?" అంటుంది, ఆ గొంతు చైత్రది. ఉలిక్కిపడి తిరిగితే బల్ల దగ్గర ఎవరూ లేరు, చామంతులూ లేవు, ఎక్కడో బడి గంట కొడుతున్నారు, తిన్నాను టీచర్, తిన్నాను టీచర్ అంటూ మెట్ల మీంచి గొంతు దిగిపోతోంది, గంట మోత ఆగడం లేదు.

మెలకువ వచ్చేసరికి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయి ఉంది. వీధిలో ఐసు బండివాడు గంట కొట్టుకుంటూ వెళ్తున్నాడు. ఆదివారం కునుకు, మెడంతా చెమట. మావారు పక్కన గుర్రు పెడుతున్నారు. నీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళ్లాను.

సింకులో మధ్యాహ్నపు కంచాలు అలాగే ఉన్నాయి. మావారి కంచంలో ములక్కాడ పిప్పి, నా కంచంలో కరివేపాకు. చైత్ర కంచంలో అన్నమంతా అంచుల చుట్టూ పేర్చి ఉంది. మధ్యలో శుభ్రంగా తుడిచి ఉంది.

దసరా సెలవుల నుంచీ ఇలాంటి కంచాన్ని రోజూ కడుగుతున్నది నేనే.

చైత్ర గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తిన్నావా అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఊళ్లో పిల్లలందరికీ వాక్యాలు నేర్పినదాన్ని, ఒక్క వాక్యం కూర్చుకోవడానికి ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను.

"చైత్రా, నువ్వప్పుడు చెప్పిన డాక్టరు పేరు నేను వినిపించుకోలేదమ్మా. మళ్లీ చెప్పు, రేపు వెళ్దాం."