కొట్టే చేతికి కొమ్మ లేదు

యసోకిచి ఎవరినైనా కొట్టబోయే ముందు మెడలోని తువ్వాలు తీసి పక్కన పెడతాడు. అంగ్యో ఊరి మొక్కల తోటల్లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. తువ్వాలు మెడ దిగిందంటే పనివాళ్ళు చేతిలో కుండీలు కింద పెట్టేసి వెనక్కి జరుగుతారు. అలా తువ్వాలు దిగిన ఒక సాయంత్రం అతని భార్య కింది దవడ విరిగింది. ఆమె నలభై రోజులు గంజి మీద బతికి, నోరు కదిలిన రోజునే చిచిబు కొండల్లోని పుట్టింటికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆ రోజే యసోకిచి అక్క నుయి ఒక మాట అనేసింది. "కొట్టే చేతికి నా చెట్టు కొమ్మ దక్కదు."

ఆ మాట దెబ్బకన్నా గట్టిగా తగిలింది, ఎందుకంటే ఆ చెట్టు కోసం యసోకిచి ఏళ్ళ తరబడి ప్రాణం పెట్టుకుని ఉన్నాడు. తమ్ముడి తోటకి అంటు కట్టుకోవడానికి పనికొస్తాయని నుయి ఏటా అడవి మేపుల్ గింజలు చల్లేది. ఒక ఏడు వేలకొద్దీ పచ్చటి మొలకల మధ్య ఒక్కటి ఉడికిన రొయ్య రంగులో లేచింది. ఆకులు చీల్చిన పట్టుదారాల్లా ఉన్నాయి. మొలక బలహీనంగా ఉందని నుయి దాని కొనను బలమైన అడవి మొక్క మీద అంటు కట్టి వంటింటి కిటికీ ఎదురుగా నాటింది. ఆ చలికాలంలోనే అసలు మొలక చచ్చిపోయింది. ఇక ప్రపంచంలో ఆ రకానికి ఉన్నది ఆ ఒక్క చెట్టే. నుయి దానికి పేరు కూడా పెట్టలేదు. పేరు పెడితే అడిగేవాళ్ళు తయారవుతారని ఆమె భయం.

నుయి భర్త తొకుజి రైలు స్టేషన్లో టిక్కెట్లు ఇచ్చి రిటైరైన మనిషి. చెట్టంటే నీడ, ఆకంటే చీపురుకి పని, అంతే తెలుసు అతనికి. చేతిమీద దోమ వాలితే ఊదేవాడు గాని చరిచేవాడు కాదు. నుయి పోయిన ఏడో రోజున బంధువులందరి ముందు యసోకిచి తాగి వచ్చి, అక్క లేదు కదా, ఇప్పుడైనా అంటుకి ఒక పుల్ల కోసుకుంటానన్నాడు. తొకుజి తల వంచుకునే భార్య అన్న మాటను మళ్ళీ చెప్పాడు. తువ్వాలు దిగింది. తొకుజి రెండు ముందు పళ్ళు చాప మీద పడ్డాయి. సాంబ్రాణి కడ్డీలు తెల్ల చొక్కాల మీద చెల్లాచెదరయ్యాయి. నలుగురు కలిసి యసోకిచిని ఈడ్చుకుపోయారు.

ఆ తర్వాత మూడేళ్ళు తొకుజి ఆ చెట్టు దగ్గరికి కత్తిని రానివ్వలేదు. ఏటా వచ్చి కొమ్మలు కత్తిరించే తోటపనివాళ్ళను గేటు దగ్గరే ఆపి టీ ఇచ్చి పంపేశాడు. నుయి చేతులు తగిలిన చెట్టులో ఒక్క ఆకు కూడా పోకూడదని అతని పంతం. మొదటి వసంతంలో ఎర్ర ఆకుల మధ్య పచ్చ ఆకులు వచ్చాయి. రెండో ఏడు పచ్చవే ఎక్కువ. మూడో ఏడు చెట్టు చూరు దాటింది, చేతి వేళ్ళలా వెడల్పైన పచ్చటి ఆకులతో. మనిషి పోతే చెట్టు కూడా రంగు చీర విడిచిపెట్టిందని తొకుజి అనుకున్నాడు. పొద్దున్నే కిటికీలోంచి దానికి, నాకన్నా నువ్వే నయం, ఏడుస్తూ కూడా ఎదిగావు, అని చెప్పేవాడు.

వానాకాలం చివర ఒక పొద్దున, రాత్రంతా కురిసిన వాన కాస్త తెరిపిచ్చింది. తొకుజి పొయ్యి మీద మిసో పులుసులో ముల్లంగి ముక్కలు వేస్తున్నాడు. బయట రంపం చప్పుడు వినిపించింది.

కిటికీలోంచి చూసేసరికి యసోకిచి చెట్టు మొదట్లో మోకాళ్ళ మీద ఉన్నాడు. మణికట్టంత లావు కొమ్మలు రెండు అప్పటికే నేలమీద పడి ఉన్నాయి. మూడోది విరుగుతోంది.

తొకుజి చెప్పులు కూడా వేసుకోలేదు. గోడకి ఆనించి ఉన్న పార చేతికి ఎలా వచ్చిందో అతనికి తెలియదు. వెనకనుంచి మొదటి దెబ్బ భుజం మీద పడింది. తడి బట్టను రాతి మీద బాదినట్టు చప్పుడైంది. యసోకిచి ముందుకి తూలి, లేవబోయి, "బావా, ఆగు," అన్నాడు. రెండో దెబ్బ చెవి దగ్గర పడింది. చెవి చీలి రక్తం కారింది. మూడో దెబ్బకి పార కర్ర విరిగింది. విరిగిన ముక్కతోనే తొకుజి పొడిచాడు, పొట్టలో, పక్కటెముకల్లో, ఎక్కడ దొరికితే అక్కడ. ఇద్దరూ బురదలో పడ్డారు. అరవై ఏడేళ్ళ మనిషి మోకాళ్ళతో తమ్ముడిలాంటివాడి ఛాతీ మీద కూర్చుని ముందు పళ్ళు లేని నోటితో రొప్పుతున్నాడు. తన గొంతులోంచి వస్తున్న శబ్దం కుక్కదని అనుకున్నాడు.

రంపం పక్కనే పడి ఉంది. తొకుజి పిడి పట్టుకున్నాడు. యసోకిచి ఆపబోయి అలుగు పట్టుకున్నాడు. అక్కడి రంపాలు తోస్తే కొయ్యవు, లాగితే కోస్తాయి. ఆ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. తొకుజి బలమంతా పెట్టి లాగాడు.

రంపం యసోకిచి కుడిచేతిని బొటనవేలి మొదలు నుంచి అరచేయి దాకా తెరిచింది. లోపల తెల్లగా ఏదో మెరిసి, వెంటనే ఎర్రగా నిండిపోయింది. పచ్చటి ఆకుల మీద రక్తం చినుకుల్లా పడింది. యసోకిచి ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. పాతికేళ్ళుగా అంటు కత్తి పట్టిన చెయ్యి అది.

అప్పుడు తొకుజికి ఒక సంగతి కనబడింది. యసోకిచి మెడలో తువ్వాలు అలాగే ఉంది. అతను ఒక్క దెబ్బ కూడా తిరిగి కొట్టలేదు.

"కిందికి చూడు బావా," అన్నాడు యసోకిచి. "నువ్వు తొక్కిందేంటో చూడు."

పడిన కొమ్మల కింద, మోకాలి ఎత్తున, బూడిద రంగు మోడు ఒకటి ఉంది. దాని మీద వంకరగా ఒక మచ్చ, ఎప్పుడో కట్టిన అంటు గుర్తు. మచ్చకి పైన మాను చచ్చి ఎండిపోయింది. పచ్చటి కొమ్మలన్నీ మచ్చ కిందనుంచే లేచాయి. అవన్నీ అంటు కింది అడవి మొక్క పిలకలు. మూడేళ్ళుగా తొకుజి కాపాడింది, పలకరించింది నుయి చెట్టును కాదు, దాని పీక నొక్కేసిన దాన్ని. ఏటా కత్తి పెట్టి తీసేయాల్సిన పిలకల్ని ప్రేమకొద్దీ ఉంచేశాడు.

చచ్చిన మోడు పక్కన, మచ్చకి కాస్త పైన, జానెడు రెమ్మ ఒక్కటి మిగిలింది. ఉడికిన రొయ్య రంగు. పట్టుదారాల్లాంటి ఆకులు. తొకుజి మడమ కింద పడి అది విరిగింది. బెరడు పట్టుకుని వేలాడుతోంది.

పోయిన వారం గోడ మీదనుంచి ఆ ఎరుపు చూశానని, పిలకలు తీసేస్తే బతుకుతుందని వచ్చానని, అడిగితే బావ గేటు తీయడని దూకానని యసోకిచి చెప్పాడు. చెబుతూనే మంచి చేత్తో మెడలోని తువ్వాలు తీశాడు. తొకుజి కళ్ళు మూసుకుని దెబ్బకి ముఖం అప్పగించాడు.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి యసోకిచి తువ్వాలును నీళ్ళ తొట్టిలో ముంచి, పళ్ళతో పిండి, విరిగిన రెమ్మ మీద కప్పుతున్నాడు. అతని చేతినుంచి మాత్రం రక్తం మోచేతి దాకా కారుతూనే ఉంది.

తొకుజి తన చొక్కా చింపి ఆ చేతికి కట్టాడు. డాక్టరు దగ్గరికి పద అన్నాడు. యసోకిచి కదల్లేదు. తాము వచ్చేసరికి రెమ్మ వాడిపోతుందని, కట్టేదేదో ఇప్పుడే కట్టాలని అన్నాడు.

"నువ్వే కట్టాలి. నా చెయ్యి నువ్వు కోసేశావుగా."

"నాకు చేతకాదురా."

"పారతో కొట్టడం మాత్రం ఎవరు నేర్పారు? అది వచ్చిందిగా."

నడుముకున్న సంచిలోంచి అంటు కత్తి తీసి ఇచ్చాడు. ఆకులన్నీ కత్తిరించమన్నాడు, కాడలు మాత్రం ఉంచమన్నాడు. రెమ్మ రెండు ముక్కలైంది. ఒక్కోదాని అడుగు ఏటవాలుగా చెక్కమన్నాడు. ఒకే కోతలో చెక్కాలి, ఊపిరి బిగబట్టి. మొదటిది మెట్లు మెట్లుగా వచ్చింది. యసోకిచి మొరటుగా తిట్టాడు, టిక్కెట్టుకి చిల్లు పెడుతున్నావా అని. రెండోది నునుపుగా వచ్చింది.

మచ్చ కింద పెన్సిలంత లావు లేత పిలకలు రెండు మాత్రం మిగిల్చారు. నుయి చెట్టును చంపిందీ ఆ జాతే, ఇప్పుడు దాన్ని మోయాల్సిందీ అదే. చీల్చి, రెమ్మను దించి, బెరడుకి బెరడు ఆనించి, పట్టీ చుట్టాలి.

కత్తి ఆనించి తొకుజి ఆగిపోయాడు.

"ఏంటి?"

"మీ అక్క మాట. కొట్టే చేతికి ఇవ్వదు కదా."

యసోకిచి చీలిన చెవి మీది రక్తం భుజానికి తుడుచుకున్నాడు. "ఆ లెక్కన ఇప్పుడు మనిద్దరికీ లేదు. ఇంకెవరున్నారు ఇక్కడ? కానియ్ బావా."

కట్టాడు. రెండింటికీ ప్లాస్టిక్ సంచులు తొడిగి మూతి బిగించాడు. అప్పుడు ఇద్దరూ బురద బట్టలతోనే డాక్టరు దగ్గరికి నడిచారు. ఎలా తెగిందని డాక్టరు అడిగితే, రంపం జారిందని యసోకిచి చెప్పాడు. తొకుజి నోరు తెరవబోతే కాలితో అతని పాదం నొక్కాడు. బొటనవేలు ఇక వంగదని, సన్నపని చేయలేడని డాక్టరు చెప్పాడు. చెయ్యి కుట్టాక చెవికి కూడా మూడు కుట్లు పడ్డాయి.

బయటికొచ్చాక యసోకిచి, "రెండు పళ్ళకి ఒక బొటనవేలు. నువ్వే గట్టివాడివి," అన్నాడు. తొకుజికి నవ్వు రాలేదు. ఆ రాత్రి అతను అన్నం ముందు కూర్చుని తన కుడిచేతినే చాలాసేపు చూసుకున్నాడు.

ఇరవయ్యో రోజున యసోకిచి గేటు దగ్గర నిలబడి పిలిచాడు. ఈసారి గోడ దూకలేదు. తొకుజి తీశాడు. అంటు పట్టిందీ లేనిదీ కాడ చెబుతుంది. ముట్టుకోగానే కాడ ఊడిపడితే లోపల ప్రాణం ఉన్నట్టు, ఎండి పట్టుకుని వేలాడితే పోయినట్టు. తొకుజి వారం రోజులుగా సంచుల చుట్టూ తిరుగుతున్నాడు గాని ముట్టుకునే ధైర్యం చేయలేదు.

మెట్లు మెట్లుగా చెక్కిన మొదటి పుల్ల నల్లబడింది. కాడలు లాగినా రావడంలేదు. యసోకిచి రెండో సంచి ముడి పళ్ళతో విప్పాడు.

"నువ్వు ముట్టుకో," అన్నాడు తొకుజి.

"నా చెయ్యి మొరటుది."

"ముట్టుకో యసో."

యసోకిచి కట్టు విప్పిన కుడిచెయ్యి చాచాడు. కర్రలా బిగుసుకున్న బొటనవేలి కొన ఎర్రటి కాడకి తగిలీ తగలనట్టు ఆనింది. కాడ ఊడి అతని అరచేతిలో, కుట్ల మచ్చ మీద పడింది.