ట్రే చెప్పిన జవాబు

టైపిస్టు ఎంటర్ నొక్కింది. హెడ్‌ఫోన్స్‌లో చప్పుడు లేదు. పుట్టుక నుంచీ ఆమెకు చూపు లేదు. తెర మీది అక్షరాలను కంప్యూటరు చదివి వినిపిస్తేనే ఆమె పని సాగేది.

టైము తొమ్మిదిన్నర. పదింటికి సూపరింటెండెంటు వస్తారు. మూడు నెలల ట్రయల్‌కు ఈ రోజే ఆఖరు. "మీ పనికి వంక పెట్టను. కానీ మిషను మూగబోతే ఎవరివో కళ్లు కావాలి కదమ్మా," అని మొన్ననే అన్నారాయన.

రోజూ ఆమెను దింపి వెళ్లే బావ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. అక్క మొగుడు, బస్సు డ్రైవరు.

"జరుగు, నేను చదివి పెడతా."

"రేపూ చదువుతావా? ఎల్లుండో?"

"మీ అక్క సెలవిస్తే."

"నోరు మూసుకుని కూర్చో బావా. సీడీ ట్రే బయటికొస్తే లోపలికి తోయి, చాలు."

ఆమె కమాండ్లు కొట్టే తెరకు మారి, పాస్‌వర్డు ఇచ్చి, ట్రే తెరవమంది. ట్రే గరగరమంటూ వచ్చింది. మిషను మాట వింటోందన్నమాట. ఇక ప్రతి ప్రశ్న చివరా ఒకటే చేర్చింది: అవునైతే ట్రే తెరువు.

సౌండ్ కార్డును నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, సిస్టం మూలమైన కెర్నెల్‌లో మాడ్యూల్‌గా లోడయిందా? ట్రే వచ్చింది. బావ తోశాడు. శబ్దం కట్టేసి ఉందా? ట్రే కదల్లేదు. సౌండ్ కార్డులు ఒకటికి మించి ఉన్నాయా? వచ్చింది.

ఆమె వేళ్లు ఆగాయి. నిన్నటిదాకా ఉన్నది ఒక్కటే.

చెయ్యి చాచి మానిటరును తడిమింది. అంచు జానెడు ముందే తగిలింది. కొత్తది. వెనక కేబులు కూడా లావుగా ఉంది.

"నన్నడిగితే చెప్పేవాణ్ణిగా," అన్నాడు బావ.

"అడగకూడదనే."

కొత్త మానిటరు కోసం నిన్న సాయంత్రం తను వెళ్లాక కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి ఉంటారు. అందులోనూ ఒక సౌండ్ కార్డు ఉంటుంది. డ్రైవరు దానికి మొదటి నంబరిచ్చి పాతదాన్ని వెనక్కి నెట్టింది. గొంతంతా స్పీకర్లు లేని మానిటరుకు పోతోంది. ఆమె మాడ్యూల్ సెట్టింగుల ఫైలులో ఒక వరుస రాసింది: పాత కార్డు ముందు, కొత్తది తర్వాత. మిషను ఆపి మళ్లీ వేసింది.

సూపరింటెండెంటు లోపలికి వచ్చేసరికి హెడ్‌ఫోన్స్‌లో గొంతు పలికింది. ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన బావ వైపు తిరిగారు.

"మీరు చదివి పెట్టారా?"

"ఒక్క అక్షరం చదవనిస్తే ఒట్టు. బస్సులో తలుపులు వేస్తాను, ఇక్కడ ట్రే మూశాను. అంతే సార్."

సూపరింటెండెంటు ఆమె వైపు తిరిగారు.

"పక్క గది మిషనుకూ నిన్న ఇదే మానిటరు పెట్టించాను. పొద్దున్నుంచి అదీ పలకట్లేదట. ముందు అది చూడండమ్మా. ఈలోగా మీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టి ఉంచుతాను."

ఆమె కర్ర అందుకుని లేచింది.

"నువ్వు డ్యూటీకెళ్లు బావా. ఆ ట్రే నేనే తోసుకుంటా."