రాజీ బొట్టు

మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి గంపలో ఐసు కరిగి, ఆ నీళ్ళు కూర్మమ్మ మెడ మీదుగా వీపు మీదికి కారడం మొదలుపెట్టాయి. పొద్దున్న ఒడ్డు మీద వేలంలో ఎనిమిది వందలకు పాడుకున్న కానాగంత చేపలవి. ఎండ ముదరక ముందే శ్రీకూర్మం చేరి ఉంటే పన్నెండు వందలకు తక్కువ కాకుండా పోయేవి. చేరడానికి ఆటో దొరికితే కదా! అలాగని రోడ్డు మీద ఆటోలకు కరువేమీ లేదు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ముందు జెండాలు, వెనక ఫ్లెక్సీలు, నెత్తిన మైకులు. ఎన్నికలకు ఇంకా వారం ఉంది. ఆ వారమంతా మామూలు మనిషి బతుకుతెరువు మూసుకుని కూర్చోవాలని ఎవరో శాసనం చేసినట్టుంది. పేదల కోసం పాటలు పాడుకుంటూ, పేదల మొహాన దుమ్ము కొట్టుకుంటూ పోతున్నాయి బళ్ళన్నీ.

"ఒరే బావూ, ఆపరా! సేపలు మెత్తబడిపోతన్నాయి!" అని చెయ్యి అడ్డం పెట్టింది.

తెలిసిన డ్రైవరే. ఆపాడుగానీ ఎక్కించుకోలేదు. "తప్పదత్తా. పెచారానికి కట్టీసినారు. గంప ఎక్కిస్తే కూలి ఇవ్వరు. అయినా ఇది మన మేస్టారి బండే, ఏటనుకోకు" అన్నాడు.

మన మాస్టారంటే జగన్నాధం. రాజాం కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు ఎమ్మెల్యేగా నిలబడ్డాడు. ఆయన బండని తెలిసేసరికి కూర్మమ్మ కోపం సగం చల్లారింది. ఆ ఒక్క మనిషి గెలిస్తే చాలు, ఈ రోజు చేపలు కుళ్ళినా కుళ్ళనీ అనుకుంది. ఆటో కదిలింది. దాని వెనక కట్టిన ఫ్లెక్సీ కళ్ళబడింది. మాస్టారు చేతులు జోడించి నవ్వుతున్నాడు. ఆయన పక్కన ఇంకో మొహం ఉంది. తెల్లచొక్కా, నల్లకళ్ళద్దాలు. కూర్మమ్మకు అక్షరాలు రావు. ఆ మొహాన్ని గుర్తుపట్టడానికి అక్షరాలతో పని లేదు.

నెత్తి మీది గంప దించాలంటే ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. ఆవిడ ఒక్కతే దించేసింది. సగం చేపలు దుమ్ములో పడ్డాయి.

అతని పేరు యుగంధర్. నాలుగేళ్ళ కిందట కూర్మమ్మ ఊరు దిబ్బలపేటకూ సముద్రానికీ నడుమనున్న ఇసుకనేలలో రొయ్యల చెరువులు తవ్వి, ఊరివాళ్ళు వేటకు వెళ్ళే దారికి అడ్డంగా కంచె వేశారు. ఆ చెరువులకు అతను మేనేజరు. పేరుకే మేనేజరు, చేసే పని కర్రలు పట్టే మనుషుల్ని మేపడం. కూర్మమ్మ మొగుడు దానయ్య వల భుజాన వేసుకుని కంచె దాటబోతే ఇనపగొట్టంతో తల మీద కొట్టాడు. మనుషుల చేత కొట్టించలేదు, తనే కొట్టాడు. వెనకే గంప పట్టుకుని వస్తున్న కూర్మమ్మ చూసింది. ఊళ్ళో మరో పదిమంది చూశారు. విశాఖ పెద్దాసుపత్రిలో దానయ్య మళ్ళీ కళ్ళు తెరవలేదు.

అప్పుడు ఊరివాళ్ళతో పాటు కంచె ముందు టెంటు వేసుకుని కూర్చున్నవాడు జగన్నాధం మాస్టారే. దానయ్య పాడె మోసిన నలుగురిలో ఒకడు. కేసు కట్టించేదాకా పోలీస్ స్టేషన్ మెట్లు దిగలేదు. యుగంధర్ బెయిలు మీద తిరుగుతున్న ఆ కేసులో జూన్ నెలలో సాక్ష్యాలు మొదలవుతాయి. ఆ మాస్టారు, ఈ యుగంధర్ ఇప్పుడు ఒక్క ఫ్లెక్సీ మీద ఉన్నారు.

సాయంత్రం కుల పెద్ద కొండబాబు కూర్మమ్మ గుమ్మంలోకి వచ్చాడు. దానయ్యకు మేనమామ. వెంట కూర్మమ్మ తోడికోడలు గురమ్మ కూడా వచ్చింది. వస్తూనే గురమ్మ చూపులు నేలకు దించేసింది. చెప్పడానికి వచ్చిన మాట మంచిది కాదని కూర్మమ్మకు అప్పుడే తెలిసిపోయింది.

"రేపు పొద్దున్న మేస్టారు మనూరొస్తన్నారు. మొదట హారతి నీ ఇంటినుండే రావాలని ఊరు అనుకున్నాది" అన్నాడు కొండబాబు.

"నా సేత్తో హారతేటి మావా? నా మొగుడు పోయినకాడి నుండి కొత్త పడవకి నన్ను బొట్టెట్టనిచ్చినారా? పెళ్ళిపందిట్లోకి రానిచ్చినారా?"

"ఇది ఆ బొట్టు కాదులే." కొండబాబు గొంతు సవరించుకున్నాడు. "మేస్టారి పక్కన ఆడుంటాడు. ఆడికి... రాజీ బొట్టు."

దిబ్బలపేటలో రాజీ బొట్టు అంటే పసిపిల్లలకు కూడా తెలుసు. ఒకడి వల ఇంకొకడి పడవకు తగిలి చిరిగినా, తాగి తలలు పగలగొట్టుకున్నా పెద్దలు రామమందిరం ముందు కూర్చుని తీర్పు చెబుతారు. తర్వాత నష్టపోయిన ఇంటి ఆడమనిషి వచ్చి తప్పు చేసినవాడి నుదుట బొట్టు పెడుతుంది. ఇక ఆ మాట అక్కడితో సరి. దాన్ని మళ్ళీ ఎత్తినవాడికి ఊళ్ళో నిప్పు, నీళ్ళు ఉండవు. మంచి ఆచారమే. దానివల్ల కోర్టుల చుట్టూ తిరగకుండా బతికిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అయితే అది చిరిగిన వలలకు పెట్టుకున్న ఆచారం. చచ్చిన మనిషి మీద దాన్ని కప్పాలని ఇంతకుముందు ఎవరికీ తోచలేదు.

"నాను బొట్టెట్టీసినాక జూన్‌లో సాచ్చికానికి ఎవులొస్తారు మావా?"

ఎవరూ రారు. రాకూడదు కూడా. కావలసింది అదే.

"ఇది ఎవులి ఆలోసన? ఆడిదా?"

"మేస్టారే ఫోన్ సేసినారు. ఈ ఒడ్డు పొడుగునా ఊళ్ళన్నిట్లో ఆడికి మనుషులున్నారట. ఆడు నేకపోతే మేస్టారు గెలవరట. గెలిస్తే మన దారికి సిమెంటు రోడ్డు ఏయిస్తామన్నారు. ఊరికోసం, కూర్మీ."

ఊరి కోసమట. ఎప్పుడు చూసినా ఊరు బాగుపడాలంటే ఒక్క ఇల్లే ఎందుకు కూలాలో ఆ మాట అనేవాళ్ళు ఎప్పుడూ చెప్పరు.

"మొగుడు సచ్చినాక పసుపు ముట్టుకోడానికి పనికిరాని సెయ్యి, ఆడి నుదుటికి పనికొచ్చిందేటి?" అంది కూర్మమ్మ. గొంతు పెంచలేదు. "ఎల్లు మావా. అన్నానికి వేళయింది."

"పెట్టకపోతే ఊరు ఊరుకోదు" అన్నాడు కొండబాబు లేస్తూ. గురమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, "అక్కా, నాకు కూడా బావే గదా" అని కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే డప్పులతో, టపాకాయలతో టాపు లేని జీపు దిబ్బలపేటలోకి వచ్చింది. జీపు మీద మాస్టారు, ఆయన భుజం రాసుకుని యుగంధర్. ఆడవాళ్ళందరూ పళ్ళేలు పట్టుకుని బారుగా నిలబడ్డారు. ముందు వరసలో కూర్మమ్మ. ఆవిడ చేతిలో పళ్ళెం ఎవరు పెట్టారో ఆవిడకే తెలీదు. దాంట్లో కుంకుమ ఉంది, కర్పూరం వెలుగుతోంది. చుట్టూ సెల్‌ఫోన్లు పైకి లేచాయి.

మాస్టారు జీపు దిగి ఎదురొచ్చాడు. చూస్తే నిజంగానే చిక్కిపోయాడు. "బాగున్నావా కూర్మమ్మా" అని చెయ్యి పట్టుకున్నాడు. ఆ పలకరింపులో దొంగతనం లేదు, అదే పాత మాస్టారు. అందుకే కూర్మమ్మకు ఇంకా ఎక్కువ మండింది. కొత్తగా వచ్చిన దొంగ అయితే ఇంత బాధ ఉండేది కాదు.

"మేస్టారూ, తమరికి ఈ బొట్టంటే ఏటో తెలదా?"

"తెలుసమ్మా. నేనే పేపర్లో రాశాను కదా. పగలు పెంచుకోకుండా బతకడం మీ దగ్గరే నేర్చుకోవాలని." ఆయన గొంతు తగ్గించాడు. "గెలవకుండా నేనేమీ చెయ్యలేను. నిజాయితీగా రెండుసార్లు నిలబడ్డాను, డిపాజిట్ కూడా రాలేదు. ముల్లును ముల్లుతోనే తియ్యాలి. పాత గొడవ ఒకటి పట్టుకుని కూర్చుంటే ఊరంతా వెనకబడిపోతుంది."

"గొడవా?" అంది కూర్మమ్మ.

పాడె మోసిన భుజమే ఆ మాట అంది. నాలుగేళ్ళ కిందట టెంటులో మైకు పట్టుకుని ఇదే మనిషి 'హత్య, హత్య' అని గొంతు బొంగురుపోయేలా అరిచాడు. అప్పుడు ఆయనకు ఊరి అవసరం ఉంది. ఇప్పుడూ ఉంది. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లన్న, దిగాక బోడి మల్లన్న అంటారు. ఈయన ఇంకా దిగను కూడా లేదు, ఎక్కుతూనే మాట మార్చేశాడు.

యుగంధర్ కూడా దిగి వచ్చాడు. నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "తప్పయిపోయింది పిన్నీ. అప్పుడు ఉద్యోగం అలాటిది. బొట్టెట్టీ, నా మనసు కూడా తేలికపడతాది" అని తల వంచాడు. బాగా నేర్చుకున్న వంపు. ఫోన్లన్నీ అటు తిరిగాయి.

వెనకనుంచి కొండబాబు, "ఎట్టీయే, ఆలీసం సేయకు" అన్నాడు.

కూర్మమ్మ వేలు కుంకుమలో ముంచింది. డప్పులు ఆగాయి. ఆ వేలినీ, వంచిన ఆ తలనూ చూసింది. జుట్టు చక్కగా దువ్వి ఉంది. దానయ్య తలకు ఆసుపత్రిలో గుండు గీశారు.

వేలు కొంగుకు తుడిచేసుకుంది.

"ఈణ్ణి పక్కన ఎట్టుకున్నది తమరు. ఈడు మంచోడని సెప్తన్నది తమరు. మరి నా సెయ్యెందుకు?" అని పళ్ళెం తీసుకెళ్ళి మాస్టారి చేతుల్లో పెట్టేసింది. "తమరే ఎట్టండి. నా మొగుడి పాడె మోసిన సేత్తోనే ఎట్టండి. ఊరంతా సూస్తాది. జూన్‌లో నాను కోర్టుకెల్తాను. ఎవులొచ్చినా రాకపోయినా ఎల్తాను."

"కూర్మమ్మా! ఊరు కట్టు దాటుతన్నావు. నీకు నిప్పిచ్చేవోడు ఉండడు!" కొండబాబు అరిచాడు.

"నాలుగేళ్ళ నుండి ఎవులిచ్చినారు మావా?" అంటూ ఆవిడ జనాన్ని తోసుకుంటూ బయటికి నడిచింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ వెంట రాలేదు. వరసలో రెండో పళ్ళెం పట్టుకున్న గురమ్మ ముందుకు అడుగు వెయ్యాలి. ఆవిడ వెయ్యలేదు. పళ్ళెం కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

యుగంధర్ వంచిన తల ఇంకా ఎత్తలేదు. ఎత్తితే ఫోన్లలో ఏం పడుతుందో అతనికి తెలుసు. "కానియ్యండి మాస్టారూ, జనం సూస్తన్నారు" అని కిందనుంచే పళ్ళ సందున గొణిగాడు. మాస్టారి చేతుల్లో పళ్ళెం ఒరిగి కుంకుమ ఆయన తెల్ల పంచె మీద రాలింది. కర్పూరం ఇంకా వెలుగుతోంది. ఆయన కుడిచేతి వేలు కుంకుమలో మునిగి ఉంది. అది పైకి లేవలేదు, వెనక్కీ రాలేదు.