అరవై దాటితే కూత

తాండూరు దాటి రోడ్డు ఖాళీగా దొరికి, ముల్లు అరవై మీదికి రాగానే కారు కూత మొదలుపెట్టేది. ఎక్కడో దూరాన పిండిగిర్ని నడుస్తున్నట్టు, ఊఁ అని సన్నగా ఒకటే రాగం. డెబ్బైకి పోతే ఇంకా సన్నబడి చెవిలో దూరేది. యాభైకి తగ్గిస్తే మాయమయ్యేది.

నిరోష మూడు వారాలుగా ఆ కూతతో వేగుతోంది. వారానికి మూడు రోజులు ఆమె తన అత్త శాంతవ్వను డయాలసిస్‌కు వికారాబాదు తీసుకుపోవాలి. భర్త రాజేందర్ నాపరాయి లారీ ఎక్కితే పది రోజులకు గానీ ఇంటి మొహం చూడడు. అందుకే పోయినేడు ఒక పాత కారు కొని, ఆమెకు నడపడం నేర్పి, తాళంచెవి చేతిలో పెట్టి పోయాడు. సోమ, బుధ, శుక్రవారాలు ఆమె పొద్దున లేవడమే అలసటతో లేచేది. వంట చేసి, అత్తకు స్నానం చేయించి, ఏడింటికల్లా బండి తీయాలి. ఆలస్యమైతే మిషను ఇంకొకరికి పోతుంది.

తాండూరు మెకానిక్కు యాదగిరికి చూపిస్తే అతను గల్లీలోనే రెండు చుట్లు తిప్పాడు.

“సప్పుడే లేదు గదక్కా!”

“గల్లీల రాదన్నా. పెద్ద రోడ్డు మీద అరవై దాటితేనే వస్తది.”

టైర్లు అరిగాయని ముందువి రెండూ మార్చాడు. కూత పోలేదు. రెండోసారి బెల్టు మార్చాడు. అయినా పోలేదు. మూడోసారి పోతే, “నీకు భయం, రంది ఎక్కువైందక్కా. పాత బండి గట్లనే ఉంటది. పాటలు పెట్టుకొని పో” అన్నాడు. ఆ మాటకు ఆమెకు కోపం రావలసింది. రాలేదు. కోపం రావాలన్నా ఒంట్లో జర ఓపిక ఉండాలి కదా.

ఆ రోజు నుంచి పాటలు పెట్టుకునే పోయింది. అత్త చెవిన పడితే బండి ఎక్కడ ఆగిపోతుందోనని భయపడుతుందని మోత కూడా పెంచేది. వెనక సీటులో కాళ్ళు ముడుచుకుని పడుకునే శాంతవ్వ ఏనాడూ ఏమీ అనలేదు.

ఆ బుధవారం పాట పెట్టడానికి కూడా నిరోషకు చెయ్యి లేవలేదు. ధారూరు దాటారు. కూత వస్తూనే ఉంది.

“నిరోషా, పాట పెట్టలేదేం?” అంది వెనక నుంచి శాంతవ్వ.

“తలకాయ నొస్తుందత్తమ్మా.”

కొంతదూరం పోయాక శాంతవ్వ గొంతు సవరించుకుంది. “ఒక మాట చెప్త, పరేషాన్ కాకు బిడ్డా. నా చెవుల ఏదో కూస్తుంది. రెండు మూడు వారాలాయె. డాక్టరుకు చెప్తే ఇంకో పరీక్ష, ఇంకో మందు, నీకు ఇంకో తిరుగుడు. అందుకే ఊకున్న.”

నిరోష కాలు దానంతట అదే పైకి లేచింది. బండి నెమ్మదించింది.

“ఇప్పుడు ఇనబడుతుందా?”

“ఇప్పుడైతే లేదు.”

మళ్ళీ తొక్కింది. అరవై దాటింది.

“ఇప్పుడో?”

“ఆఁ, గిదే! గిదే!”

నిరోషకు నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే కళ్ళ నిండా నీళ్ళు కూడా వచ్చాయి. “అత్తమ్మా, అది నీ చెవి కాదు. కారు కూస్తుంది. మూడు వారాలసంది కూస్తుంది.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు నాకెందుకు చెప్పలే?”

అప్పుడు శాంతవ్వ మెల్లగా లేచి కూర్చుంది. ఆమె కందిపప్పు మిల్లులో ఇరవై రెండేళ్ళు పనిచేసిన మనిషి. సీటు మీద ఒక పక్క, తర్వాత ఇంకో పక్క అరచెయ్యి ఆనించి చూసింది.

“బేరింగు పొయ్యే ముందు మిల్లుల మోటరు గిట్లనే ఏడుస్తుండె. మా సేటు ఇనకపోయేటోడు, అది తిరగకుండ పట్టేసినంక నెత్తి కొట్టుకునేటోడు. ఇటు రా చెయ్యి పెట్టు అంటే నువ్వు బండి నడుపుతున్నవాయె. ఎడమ దిక్కు, ఎనుకకు. జుమ్మంటుంది.”

నిరోష కూడా చెవి పెట్టింది. రోడ్డు కుడికి తిరిగినప్పుడు కూత పెరిగింది. ఎడమకు తిరిగినప్పుడు తగ్గింది. ఇన్నాళ్ళూ అది వినకుండా ఉండాలనే చూసింది కానీ, ఎప్పుడు పెరుగుతుందో ఎప్పుడు తగ్గుతుందో పట్టించుకోనేలేదు.

అత్తను మిషను దగ్గర పడుకోబెట్టి, సూదులు గుచ్చేదాకా ఉండి, ఆమె వికారాబాదులోనే డేవిడ్ అనే మెకానిక్కు దగ్గరికి పోయింది. నెరిసిన గడ్డం మనిషి. చెప్పిందంతా విని, చేతులు తుడుచుకుని, వెనక సీటులో కూర్చున్నాడు.

“పెద్ద రోడ్డుకు పాండి. మీరే నడుపుండ్రి. నేను సప్పుడు ఇంట.”

అరవై మీద కూత రాగానే, “ఎనుక ఎవరూ లేరు గానీ, బండిని జర కుడికి తిప్పుండ్రి... ఇప్పుడు ఎడమకు... చాలు” అన్నాడు. “కుడికి తిప్పితే బరువంతా ఎడమ చక్రం మీద పడతది. గప్పుడే అరుస్తుంది. ఎడమ ఎనుక బేరింగు పోయింది.”

షెడ్డుకు వచ్చి జాకీ ఎత్తాడు. ఎడమ చక్రం చేత్తో తిప్పుతూ, పక్కనున్న స్ప్రింగు మీద ఆమె చెయ్యి పెట్టమన్నాడు. వేళ్ళ కింద ఇసుక నలుగుతున్నట్టు గరగరలాడింది. కుడి చక్రం తిప్పితే ఏమీ లేదు. విప్పి తీసిన బేరింగులో గ్రీజు ఎండిపోయి, ఉండలు నల్లగా కమిలి ఉన్నాయి.

“ఇంక కొన్నాళ్ళు గిట్లనే నడిపితే ఉరుకుతుంటనే చక్రం పట్టేసేది. మంచిగ కనిపెట్టిండ్రు.”

“మా అత్తమ్మ కనిపెట్టింది” అంది నిరోష. ఆ చక్రానికి పైనే, ఆ సీటులోనే ముసలామె తల పెట్టుకుని పడుకునేదని అప్పుడు గుర్తొచ్చింది. పక్కనున్న స్టూలు మీద కూలబడింది. డేవిడ్ మంచినీళ్ళ సీసా తెచ్చి ఇచ్చాడు.

ఆమె ఆసుపత్రికి వచ్చేసరికి శాంతవ్వ మోచేతి మీద దూది అదిమిపట్టుకుని మంచం అంచున కూర్చుంది. మొహం పిండేసిన బట్టలా ఉంది.

“మెకానిక్కు ఏమన్నడు?”

“నువ్వు చెప్పిందే. ఎడమ ఎనుక.”

శాంతవ్వ నవ్వలేదు. ఆ సంగతి ముందే తెలిసినదానిలా తల ఊపింది.

“అత్తమ్మా, ఇంకేమన్న దాస్తున్నవా?”

శాంతవ్వ తన కాళ్ళ దిక్కు చూసుకుని, “కాళ్ళు గుంజుతున్నయి బిడ్డా. నెల దాటింది” అంది. తర్వాత మొహం ఎత్తి, “మరి నువ్వో?” అని అడిగింది.

నిరోషకు అబద్ధం ఆడటానికి కూడా ఓపిక లేదు. “ఒక్కోరోజు తాళంచెవి చూస్తే ఏడుపొస్తుంది.”

“నాకు మాత్రం రాదా?” అంది శాంతవ్వ. “వచ్చినప్పుడు చెప్పు. ఒక్క పూట నన్ను మిషనుకు ఎవరినన్న తోలుకపోమందాం.”

కాళ్ళ గుంజుడు సంగతి డాక్టరుకు చెప్పి, రాసిచ్చిన కాగితం తీసుకుని బయలుదేరారు. కొత్త బేరింగు వేసిన బండి అరవై మీద కూడా గాలి చప్పుడు తప్ప ఇంకేం చెయ్యలేదు. దారిలో రైలు గేటు పడి ఉంది. నిరోష బండి ఆపి, రెండు నిమిషాలే కదా అని తల వెనక్కి వాల్చింది. రైలు ఎప్పుడు పోయిందో, గేటు ఎప్పుడు లేచిందో ఇద్దరికీ తెలియదు. వెనకున్న బండ్లన్నీ హారన్లు కొడుతుంటే, ముందు శాంతవ్వకే మెలకువ వచ్చి కోడలి భుజం తట్టింది.